థీమ్ పార్కుల్లో డబ్బు కట్టి లైన్ దాటడం: విశాఖ నుంచి వెళ్లే కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులకు ముందు ఒకసారి, దసరాకు ముందు మరొకసారి, బంధువులూ ఇరుగుపొరుగువారూ నన్ను ఇవే సందేహాలు అడుగుతూ ఉంటారు. విశాఖలో సముద్రం ఉంది, కైలాసగిరి ఉంది, జలాంతర్గామి మ్యూజియం ఉంది కానీ పెద్ద థీమ్ పార్కు లేదు. అందువల్ల మనవాళ్లకు పార్కు అంటే ఒక రాత్రి రైలు ప్రయాణమో, విమాన ప్రయాణమో తప్పదు. అంత దూరం వెళ్లి ఒక్కరోజు గడిపేవారి కోసమే ఈ జవాబులు రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## ప్రయాణం ఖాయం చేసుకునే ముందు

ఎక్కువ డబ్బు కట్టి తీసుకునే ఫాస్ట్‌ట్రాక్, ఎక్స్‌ప్రెస్ పాస్‌లు ఉంటే అసలు లైనే ఉండదా?

ఉంటుంది, అయితే చిన్నది ఉంటుంది. సింహాచలంలో టికెట్ దర్శనం ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. మామూలు రోజున టికెట్ లైనులో వెళ్లినవారు త్వరగా బయటపడతారు, చందనోత్సవం నాడు మాత్రం టికెట్ చేతిలో ఉన్నవారు కూడా గంటల తరబడి నిలబడవలసి వస్తుంది. పార్కుల్లోనూ పాస్ ఉన్నవారికి వేరే దారి ఉంటుంది, ఆ దారి రైడ్ ఎక్కే చోటికి కాస్త ముందు మామూలు లైనుతో కలుస్తుంది. అక్కడ నిలబడిన ఉద్యోగి ఇటు నుంచి కొందరిని, అటు నుంచి కొందరిని వదులుతూ ఉంటారు. మీరు కొనేది ఆ వేరే దారిని మాత్రమే, ఖాళీ రైడ్‌ను కాదు.

హైదరాబాద్ వండర్‌లాకు వెళ్తున్నాం. మామూలు టికెట్ చాలదా?

వెళ్లే రోజును బట్టి ఉంటుంది. పిల్లలకు బడులు నడుస్తున్న రోజుల్లో, వారం మధ్యలో, పార్కు తెరిచే వేళకే గేటు దగ్గర ఉండగలిగితే మామూలు టికెట్ చాలునని నా అభిప్రాయం. మే నెల ఆదివారాలు, దసరా సెలవులు, వరుసగా మూడు రోజులు సెలవు కలిసివచ్చిన వారాంతాలు అయితే లెక్క మారుతుంది. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోవాలి. నవంబరు నుంచి జనవరి వరకు బడుల విహారయాత్రలు వారం మధ్యలోనే వస్తాయి. బుధవారం ఖాళీగా ఉంటుందని వెళితే, ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పిల్లలు ఐదారు బస్సుల్లోంచి దిగుతూ కనిపించవచ్చు.

2016లో రావిర్యాల దగ్గర మొదలైన ఈ పార్కులో ఎక్కువ మంది ఎక్కాలని వచ్చే రైడ్ రీకాయిల్. అక్కడ లైను పెరగడానికి దాని నిర్మాణమే కారణం. ఒకే బండి ఉంటుంది, అందులో 28 మందే పడతారు. ఆ బండిని వెనక్కి లాగి ఎత్తుకు తీసుకెళ్లి వదులుతారు, అది మూడు మెలికలు తిరిగి అవతలి కొసకు ఎక్కి, మళ్లీ అదే పట్టా మీద వెనక్కి అవే మెలికలు తిరిగి వస్తుంది. అది ఆగి, అందరూ దిగి, కొత్తవారు కూర్చుని, బిగింపులన్నీ సరిచూసేవరకు రెండో బండి అంటూ ఉండదు. ఇటువంటి రైడ్లు మీ ఇంట్లో ఎందరు ఎక్కుతారో ముందు లెక్కపెట్టండి. ఆ సంఖ్య ఒకటో రెండో అయితే పాస్ గురించిన చర్చ అక్కడితో ముగిసినట్టే.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా దాదాపు 700 కిలోమీటర్లు ప్రయాణించి ఉదయాన్నే దిగి, అదే రోజు పార్కుకు వెళ్లి, మళ్లీ అదే రాత్రి రైలెక్కే కుటుంబాలు ఉన్నాయి. అటువంటివారికి ఒక్క గంట కూడా ముఖ్యమే కనుక రద్దీ రోజైతే పాస్ కొనమనే చెబుతాను. హైదరాబాద్‌లో చుట్టాలింట్లో నాలుగు రోజులు ఉండేవారు పాస్ బదులు మంచి రోజును ఎంచుకుంటే సరిపోతుంది.

భువనేశ్వర్ పార్కుకు కూడా ఇదే లెక్కా?

దాదాపు అదే. వండర్‌లా భువనేశ్వర్ పార్కు 2024 మే నెలలో తెరుచుకుంది. విశాఖ నుంచి రైలులో సుమారు 440 కిలోమీటర్లే కనుక, హైదరాబాద్ కంటే దగ్గర. అయితే ఒడిశా సెలవులు మన సెలవులతో అన్నిసార్లూ కలవవు. మనకు బడి ఉన్న రోజు అక్కడ పండుగ కావచ్చు. రథయాత్ర, రజ పండుగ రోజులను క్యాలెండరులో చూసుకున్న తరువాతే తేదీ ఖాయం చేసుకోండి.

సింగపూర్ యూనివర్సల్‌లో ఎక్స్‌ప్రెస్ తీసుకోకపోతే రోజంతా లైన్లోనేనా?

విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉండడంతో ఈ ప్రశ్న బాగా పెరిగింది. రోజంతా లైనులోనే ఉండరు గానీ, డిసెంబరు, జూన్ నెలల్లో అక్కడి బడులకు కూడా సెలవులే కనుక పెద్ద రైడ్ల దగ్గర చాలాసేపు నిలబడవలసి వస్తుంది. సెంతోసా దీవిలోని ఆ పార్కు విస్తీర్ణంలో మరీ పెద్దది కాదు. ఉదయం తెరిచిన వెంటనే లోపలికి వెళ్లి మొదటి గంటన్నరలో రెండు మూడు పెద్ద రైడ్లు పూర్తిచేయగలిగితే, మిగతా రోజంతా తీరికగా నడుస్తుంది.

ఇక్కడ ఎక్స్‌ప్రెస్ అనేది ప్రవేశ టికెట్ కాదని, దానిపై అదనంగా కొనే పాస్ అని చాలామందికి తెలియదు. ఒక్కో రైడ్‌కు ఒక్కసారే పనికివచ్చే రకం ఒకటి, ఎన్నిసార్లయినా వాడుకునే రకం మరొకటి ఉన్నాయి. రెండోది పదిహేనేళ్ల పిల్లలకు తప్ప ఎవరికీ అవసరం పడదని నా అనుభవం, ఒకే రైడ్‌ను నాలుగోసారి ఎక్కే ఓపిక వారికే ఉంటుంది.

రాత్రి విమానంలో వెళ్లి, దిగిన రోజే పార్కు పెట్టుకోవద్దు. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. మనకు తెల్లవారుజామున ఐదు అయ్యేసరికి అక్కడ ఏడున్నర అవుతుంది. నిద్రలేని పిల్లవాడు మధ్యాహ్నానికి భుజం మీద వాలిపోతే ఎంత ఖరీదైన పాస్ అయినా వృథాయే.

అమెరికాలో మా అబ్బాయి ఓర్లాండో తీసుకెళ్తానంటున్నాడు. ఒక్కొక్కరికీ అంత డబ్బు దండగ కాదా?

ఈ విషయంలో అబ్బాయి మాటే సరైనది కావచ్చు. ఓర్లాండోలో మనవాళ్లు తిరిగే వేసవి నెలల్లో ఎండా ఉక్కపోతా మన మే నెలను గుర్తు చేస్తాయి, మధ్యాహ్నం తరువాత ఉరుములతో వానలు సాధారణం. అక్కడికి మళ్లీ ఎప్పుడు వెళతామో తెలియదు. ఒకే ఒక్కసారి వెళ్లేవారికి లైను దాటే పాస్ విలువ ఎక్కువ, ఏటా వెళ్లే స్థానికులకు తక్కువ.

అక్కడి డిస్నీ పార్కుల్లో లైను దాటే పద్ధతి తరచూ మారింది. 1999లో మొదలైన ఫాస్ట్‌పాస్ ఉచితం. 2021 అక్టోబరులో దాని స్థానంలో డబ్బు కట్టే జీనీ ప్లస్ వచ్చింది, మొదట్లో ఒక్కొక్కరికి రోజుకు 15 డాలర్లు. 2024 జులై నుంచి దానినే లైట్‌నింగ్ లేన్ మల్టీ పాస్ అంటున్నారు, ధర రోజును బట్టి, పార్కును బట్టి మారుతుంది. డిస్నీ హోటల్లో దిగినవారు 7 రోజుల ముందు నుంచి, మిగిలినవారు 3 రోజుల ముందు నుంచి రైడ్ల వేళలు ఎంచుకోవచ్చు. పదేళ్ల కిందట వెళ్లివచ్చిన పెదనాన్నగారు అంతా ఉచితమేనని చెబితే అది అప్పటి మాట.

ఓర్లాండో యూనివర్సల్‌లో మరో మార్గం ఉంది. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు హోటళ్లలో దిగినవారికి అక్కడి రెండు పాత పార్కులకు ఎక్స్‌ప్రెస్ హోటల్ అద్దెలోనే కలిసి వస్తుంది. నలుగురైదుగురు ఒకే గదిలో సర్దుకునే కుటుంబానికి, పాస్‌లు విడిగా కొనడం కంటే ఒక రాత్రి ఆ హోటల్లో దిగడమే చవక అయ్యే సందర్భాలు ఉన్నాయి. 2025 మే నెలలో తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కుకు ఆ సౌకర్యం వర్తించదు.

రామోజీ ఫిల్మ్ సిటీలో ఇలాంటి పాస్ అవసరమా?

అవసరం తక్కువ. అది ప్రధానంగా బస్సులో తిరిగి సెట్లు, ప్రదర్శనలు చూసే చోటు, రైడ్ల కోసం వెళ్లేది కాదు. అక్కడ ఎక్కువ డబ్బు పెట్టి కొనే ప్యాకేజీల్లో ఏసీ బస్సు, భోజనం వంటి సుఖాలు ఉంటాయి. పెద్దవారు వెంట ఉండి, ఎండాకాలం అయితే ఆ సుఖానికి డబ్బు పెట్టడం సమంజసమే.

## టికెట్ కొనేటప్పుడు

ఇంట్లో అందరికీ పాస్ కొనాలా?

అక్కర్లేదు. మనవాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఆరుగురు వెళితే ఆరు పాస్‌లు కొంటారు. తీరా లోపలికి వెళ్లాక అమ్మమ్మ మోకాళ్ల నొప్పితో బల్ల మీద కూర్చుంటుంది, ఆమె ఒడిలో అందరి సెల్‌ఫోన్లు, కాళ్ల దగ్గర అందరి చెప్పులు, పక్కన తడి తువ్వాళ్ల సంచి. చిన్నవాడు కొలత కర్ర దగ్గర మడమలెత్తి నిలబడినా గీత అందదు. రైడ్ ఎక్కేది ఇద్దరే, పాస్‌లు మాత్రం ఆరు.

బయలుదేరే ముందు ఇంట్లో గోడకు నిలబెట్టి పిల్లల ఎత్తు కొలవండి. వండర్‌లాలో పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. సింగపూర్ యూనివర్సల్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్‌కు 102, మమ్మీ రైడ్‌కు 122, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాకు 125 సెంటీమీటర్లు ఉండాలి. పాస్ ఉన్నంత మాత్రాన ఈ కొలతలో సడలింపు ఉండదు. గుండె జబ్బు, వెన్నునొప్పి ఉన్నవారిని, గర్భిణులను కూడా ఈ రైడ్లకు దూరంగా ఉండమంటారు కనుక వారికీ పాస్ కొనవద్దు.

ముందే ఆన్‌లైన్లో కొనాలా, అక్కడ రద్దీ చూసి కొనాలా?

పండుగ రోజుల్లో పాస్‌లు పరిమిత సంఖ్యలోనే అమ్ముతారు, అవి అయిపోవచ్చు. అటువంటి రోజులకు ముందుగా కొనడమే మేలు. మిగిలిన రోజుల్లో మామూలు టికెట్ ముందుగా కొని, పాస్ విషయం లోపల చూసుకుని నిర్ణయించుకునే వీలుందేమో ఆ పార్కువారిని అడగండి.

ఒక జులై మంగళవారం నేను ముందుచూపు పేరుతో నలుగురికీ ఖరీదైన టికెట్లు ముందురోజే కొన్నాను. ఉదయం నుంచి సన్నని జల్లు. మొదటి రైడ్ దగ్గర మా కోసం ప్రత్యేకంగా ఉన్న దారి తలుపుకు గొలుసు వేసి ఉంది. తీయమని అడిగితే అక్కడి కుర్రవాడు నవ్వి, పక్క లైను చూపించాడు. అందులో పదకొండు మంది ఉన్నారు. మా అమ్మాయి వారిని రెండుసార్లు లెక్కపెట్టింది, ఆ సంఖ్యను మా ఇంట్లో ఇప్పటికీ సామెతలా వాడుతారు.

డబ్బుకు తగిన ఫలితం ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

అదనంగా కట్టే మొత్తాన్ని, మిగిలే గంటలతో భాగించండి. నలుగురికి కలిపి 4,000 రూపాయలు అదనం అయి, రోజు మొత్తం మీద రెండు గంటలు మిగులుతాయనుకుందాం. అంటే మనిషికి గంట 500 రూపాయలు పడుతుంది. ఆ రెండు గంటల్లో మీరు ఏమి చేస్తారన్నది అసలు ప్రశ్న. ఇంకో నాలుగు రైడ్లు ఎక్కేవారికి అది లాభమే. సాయంత్రం నాలుగు గంటలకే అలసిపోయి గదికి వెళ్లేవారికి ఆ సమయం మిగిలినా వాడుకునే ఓపిక ఉండదు.

దూరాన్ని కూడా లెక్కలో వేయాలి. హైదరాబాద్‌లో ఉండేవారికి ఈ వారం కాకపోతే మరో వారం ఉంటుంది. విశాఖ కుటుంబం రైలు చార్జీలు, గది అద్దె, ఆటోలు, భోజనాలు అన్నీ ఆ ఒక్కరోజు కోసం ఖర్చు పెడుతుంది. ఆ మొత్తం 20,000 రూపాయలైతే, దాని పక్కన 4,000 మరీ పెద్దదిగా కనిపించదు. అదే కారణం చెప్పి ప్రతి అదనపు ఖర్చునూ సమర్థించుకోవడం మాత్రం ప్రమాదం. ఫొటోల కౌంటరువారు కూడా ఇంత దూరం వచ్చారు కదా అనే అంటారు.

టికెట్ పేజీలో ముఖ్యంగా ఏమి చదవాలి?

పాస్ ధరలో ప్రవేశం కలిసి ఉందా లేదా, ఏ రైడ్లకు వర్తిస్తుంది, ఒక్కసారా అనేకసార్లా అన్నవి ముందు చదవాలి. కొత్తగా వచ్చిన రైడ్, అంటే మీ పిల్లలు దేనికోసం గోల చేశారో అదే, ఒక్కోసారి జాబితాలో ఉండదు. జీఎస్టీ కలిపిన ధరా కాదా అన్నదీ చూసుకోండి. 2018 జనవరిలో ఈ పార్కుల ప్రవేశంపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించినా, చివరి పేజీలో అది కలిసేసరికి కుటుంబానికి ఇంకో టికెట్ కొన్నంత తేడా రావచ్చు.

## పార్కులోపల

పాస్ లేకుండా తొందరగా ఎక్కే ఉపాయం ఉందా?

ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు, ఉదయం త్వరగా లేవాలి. తెరిచిన వెంటనే అందరూ గేటు దగ్గరున్న మొదటి రైడ్ దగ్గర ఆగిపోతారు. మీరు ఆగకుండా లోపలికి నడిచి, అన్నింటికంటే పేరున్న రైడ్‌ను ముందు ఎక్కండి. రెండో అనుకూల సమయం అందరూ భోజనానికి కూర్చునే ఒంటిగంట నుంచి రెండు వరకు. పదకొండున్నరకే తినేస్తే ఆ వేళ మీ చేతిలో ఉంటుంది. మూడోది మూసే ముందు చివరి గంట.

యూనివర్సల్ పార్కుల్లో కొన్ని రైడ్లకు ఒంటరిగా కూర్చునేవారి లైను ఉంటుంది. బండిలో మిగిలిపోయిన ఒంటరి సీట్లను వారితో నింపుతారు. పక్కపక్కన కూర్చోవాలన్న పట్టింపు లేని పెద్ద పిల్లలకు ఇది పాస్‌తో సమానమైన సౌకర్యం, ఖర్చు ఏమీ లేదు.

పాస్ కొన్నా రోజంతా నిలబడుతూనే ఉన్నాం. ఎందుకు?

ఎందుకంటే పాస్ రైడ్ లైనుకే పనిచేస్తుంది. బ్యాగుల తనిఖీకి, లాకరుకు, దుస్తులు మార్చుకునే గదికి, బిర్యానీ కౌంటరుకు, ఆడవారి మరుగుదొడ్డికి పాస్ లేదు. మన పార్కుల్లో నీటి రైడ్లకు నైలాన్ వంటి బట్టలు తప్పనిసరి, నూలు బట్టలను అనుమతించరు. గేటు దగ్గర ఆ సంగతి తెలిసి, దుకాణం ముందు నిలబడి, అద్దెకో కొనుక్కునో మార్చుకుని వచ్చేసరికి ఒక గంట పోతుంది. ఇంటి నుంచే సరైన దుస్తులు తెచ్చుకున్న మామూలు టికెట్‌వారు, తెచ్చుకోని పాస్‌వారికంటే ముందుంటారు. పొడి రైడ్లన్నీ ఒక పూట, నీటి రైడ్లన్నీ మరో పూట పెట్టుకుంటే ఒక్కసారి మార్చుకుంటే చాలు.

మేం కదలడం లేదు, పాస్ ఉన్నవాళ్లు పోతూనే ఉన్నారు. ఇది న్యాయమేనా?

మీకు కలిగిన అనుమానం నిజమే, పాస్ లైను మామూలు లైనును నెమ్మదింపజేస్తుంది. 28 సీట్ల బండి నాలుగు నిమిషాలకు ఒకసారి బయలుదేరితే గంటకు 420 మంది ఎక్కుతారు. మీ ముందు 210 మంది ఉంటే అరగంటలో మీ వంతు రావాలి. సగం సీట్లు పాస్ లైనుకు ఇస్తే అదే దూరం గంట అవుతుంది. బండి వేగం పెరగలేదు, సీట్లు పెరగలేదు. ఒకరికి మిగిలిన సమయం మరొకరి దగ్గర నుంచి వచ్చిందే.

న్యాయం మాట వేరు. కొండ మీద డబ్బు కట్టిన దర్శనం గురించి మన ఇళ్లలో తరాలుగా సాగుతున్న వాదనే ఇదీ. పార్కు వినోదం, దేవుడి సన్నిధి కాదు కనుక ఇక్కడ డబ్బుకు వేరే దారి ఉండడం నాకు పెద్ద తప్పుగా తోచదు. కానీ మామూలు టికెట్ కొన్నవారికి ఎంతసేపు పడుతుందో లైను మొదట్లోనే నిజాయితీగా బోర్డు మీద చూపించడం, పాస్‌ల సంఖ్యకు హద్దు పెట్టడం పార్కు బాధ్యత. హద్దు లేకుండా అమ్మితే చివరకు పాస్ కొన్నవారు కూడా మోసపోయినట్టే, రెండు లైన్లూ ఒకే పొడవుకు వస్తాయి.

చంటిపిల్ల ఉంది. మేమిద్దరం ఒకే రైడ్ ఎక్కాలంటే రెండుసార్లు లైనులో నిలబడాలా?

విదేశీ పార్కుల్లో చాలా చోట్ల అవసరం లేదు. ఒకరు ఎక్కి వచ్చేవరకు మరొకరు పిల్లతో వేచి ఉండి, తరువాత మళ్లీ లైను లేకుండా ఎక్కే ఏర్పాటు ఉంటుంది. రైడ్ ముఖద్వారం దగ్గర ఉద్యోగిని ముందే అడగాలి, ఎక్కేశాక అడిగితే లాభం లేదు. దీనికి రుసుము ఉండదు. మన దేశంలో ఇది ఆ పూట అక్కడున్నవారి సౌజన్యం మీద ఆధారపడి ఉంటుంది, మర్యాదగా అడిగితే చాలాసార్లు సాయం చేస్తారు.

నాన్నగారు ఎక్కువసేపు నిలబడలేరు. ఆయనకు పాస్ కొంటే నయమా?

ముందు చక్రాల కుర్చీ గురించి విచారించండి. నిలబడడమే ఇబ్బంది అయితే పాస్ కంటే కుర్చీ ఎక్కువ ఉపయోగం, చాలా పార్కుల్లో అద్దెకు దొరుకుతుంది. డిస్నీలో దివ్యాంగుల కోసం ఉన్న ప్రత్యేక ఏర్పాటును 2024 నుంచి ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలు ఉన్నవారికి పరిమితం చేశారు కనుక, మోకాళ్ల నొప్పికి అది దొరుకుతుందని నమ్ముకుని వెళ్లవద్దు.

## అనుకున్నది జరగకపోతే

వాన పడి రైడ్లు ఆపేస్తే పాస్ డబ్బు వెనక్కి ఇస్తారా?

వాతావరణం కారణమైతే సాధారణంగా ఇవ్వరు. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు ఎత్తైన రైడ్లను భద్రత కోసమే ఆపుతారు, ఆ నిర్ణయంతో వాదించి ప్రయోజనం లేదు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్న వార్త వినిపిస్తే, మనం ఉన్న ఊరి ఆకాశాన్ని కాక వెళ్లే ఊరి ఆకాశాన్ని చూసి కొనండి. తేదీ మార్చుకునే వీలు ఉన్న టికెట్‌కు కొంచెం ఎక్కువ కట్టడం, పాస్‌కు కట్టడం కంటే మంచిది.

పాస్ ఉన్న పెద్ద రైడే పాడైంది. ఏమి చేయాలి?

అప్పటికప్పుడు అతిథుల సేవా కేంద్రానికి వెళ్లి అడగాలి. మరో రైడ్‌కు రెండోసారి అవకాశమో, మరో రోజుకు పాసో ఇచ్చే పార్కులు ఉన్నాయి. ఇంటికి వచ్చాక ఈమెయిల్ పంపితే జవాబు వస్తుంది గానీ పరిష్కారం రావడం అరుదు. రైడ్ ముందు పెట్టిన మూసివేత బోర్డును సమయం కనిపించేలా ఫొటో తీసి ఉంచండి.

మేం నాలుగు గంటలకే బయలుదేరాలి. మిగిలిన పాస్ వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చా?

కుదరదు. చేతికి కట్టే పట్టీ తీస్తే తెగిపోతుంది, ఫోనులోనిది మీ టికెట్‌కే ముడిపడి ఉంటుంది. గేటు బయట సగం ధరకు పట్టీ అమ్ముతామని ఎవరైనా వస్తే కొనవద్దు. రైలు ఐదు గంటలకైతే నాలుగింటి వరకు ఉండడం కూడా ఆలస్యమే, రావిర్యాల నుంచి స్టేషనుకు సాయంత్రం వేళ గంటన్నర పట్టవచ్చు.